ఉప్పెన దాటినవాళ్ల దగ్గర నిబ్బరం నేర్చుకోవాలంటే: దివిసీమ పెద్దలతో కూర్చునేవాళ్ల కోసం

1977 నవంబరు 19, శనివారం. సాయంత్రం వేళ కృష్ణా ముఖద్వారం దగ్గర సముద్రం దివిసీమ మీద పడింది. అల ఎత్తు అయిదు మీటర్ల దాకా ఉంటుందని అంచనా. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి లాంటి ఊళ్లలో ఇళ్లకి ఇళ్లే కొట్టుకుపోయాయి. పోయినవాళ్లు దాదాపు 10,000 మంది అని ఒక లెక్క, అంతకంటే బాగా ఎక్కువని ఇంకో లెక్క. ఆనాడు పదేళ్ల పిల్లలు ఇప్పుడు అరవైకి దగ్గరపడ్డారు. అప్పటికే పెళ్లై పిల్లలున్నవాళ్లలో మిగిలినవాళ్లు చాలామంది డెబ్భై దాటారు. వాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకోవాలనుకునేవాళ్లు ఇంకా వాయిదా వెయ్యకూడదు.

ఏం నేర్చుకోవాలన్న దగ్గరే చాలామంది దారి తప్పుతారు. ఆ రాత్రి కథ కోసం వెళ్తారు. తాటిచెట్టు, చీకటి, నీళ్లు, కేకలు... వీడియోకి పనికొచ్చేవి అవే మరి. కానీ బతుక్కి పనికొచ్చే సంగతి ఆ రాత్రిలో చాలా తక్కువ. చెట్టు పట్టుకున్నవాళ్లంతా బతకలేదు. బతికినవాళ్ల మాటే మనం వింటున్నాం. పక్క చెట్టు అంతే గట్టిగా పట్టుకున్నవాళ్లు పోయారు. దీన్ని "సంకల్పబలం" అని రాసేస్తే, పోయినవాళ్లకి అది చాలలేదని అన్నట్టే. నేర్చుకోవాల్సింది తెల్లారిన దగ్గర్నుంచి మొదలవుతుంది: తాగే నీళ్లు ఎక్కడ దొరికాయి, మొదటి పొయ్యి ఎవరు వెలిగించారు, ఉప్పు పట్టిన చేలో మళ్లీ నాగలి ఎప్పుడు దిగింది, సముద్రం మీదికి మళ్లీ ఎవరితో కలిసి వెళ్లారు.

ఈ పద్ధతి 1996 నవంబరు కోనసీమ తుపాను చూసినవాళ్లకీ, 2014 హుద్‌హుద్ చూసినవాళ్లకీ, ఇంట్లోనే పెద్ద దెబ్బ తిన్న మనిషికీ సరిపోతుంది. దెబ్బ తగిలి నెల కూడా కానివాళ్ల జోలికి మాత్రం వెళ్లకండి. జరిగిందంతా ఒక్కసారి కక్కించేస్తే మనసు తేలికపడుతుందన్న నమ్మకం మనలో గట్టిగా ఉంది. అలా ఒకే విడత కూర్చోబెట్టి అంతా చెప్పించడం మేలు చెయ్యదని, కొందరికి కీడే చేస్తుందని వైద్య పరిశోధనల్లో తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దాన్ని సిఫారసు చెయ్యదు. అప్పటికి కావలసింది అన్నం, నీళ్లు, పడుకోడానికి చోటు, అయినవాళ్ల కబురు. ప్రశ్నలు కావు.

ఎప్పుడు వెళ్లాలి, ఎవరితో వెళ్లాలి

నవంబరులో వద్దు. తుపాను హెచ్చరికలు వస్తున్న రోజుల్లో అసలే వద్దు. ఏటా ఆ తారీఖు దగ్గరపడేసరికి నిద్ర చెడేవాళ్లు, గాలి హోరుకి లేచి కూర్చునేవాళ్లు ఉంటారు. విలేకరులు వచ్చేదీ అప్పుడే కాబట్టి, అడిగి అడిగి అరిగిపోయిన జవాబే మీకూ దొరుకుతుంది. వ్యవసాయం చేసే ఇళ్లయితే సంక్రాంతి తర్వాత, మినుము కోతలు మొదలవ్వకముందు తీరిగ్గా ఉంటారు. వేటకెళ్లే ఇళ్లయితే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం, మగవాళ్లు ఇంటిపట్టునే ఉంటారు. ఎండలు కాబట్టి పొద్దున్నే వెళ్లాలి.

పొద్దున్నే అనడానికి ఇంకో కారణం ఉంది. మాటలు అయ్యాక మనసు కుదురుకోడానికి పగలంతా మిగలాలి. సాయంత్రం మొదలుపెడితే ఆ మనిషి ఆ జ్ఞాపకాలతోనే పక్క మీదికి చేరాలి. తొమ్మిదికి మొదలుపెట్టి పదింటికల్లా ఆపెయ్యండి. నలభై, యాభై నిమిషాలు చాలు. "ఇంకాసేపు" అని ఆ పెద్దావిడే అన్నా మరో రోజు వస్తానని చెప్పండి.

నేరుగా తలుపు తట్టకండి. ఆ ఇంటికి రాకపోకలున్న మనిషి ఒకరు కావాలి: ఆశా కార్యకర్త, బడి పంతులు, చర్చి పెద్ద, దూరపు చుట్టం ఎవరైనా సరే. మొదటిసారి వెళ్లినప్పుడు ఫోను జేబులోంచి తియ్యకండి. ఎవరి పిల్లలు, ఏ ఊరు, ఏం పని, ఇది ఎందుకు అడుగుతున్నారు, విన్నది ఎక్కడ పెడతారు... ఆవిడ మిమ్మల్ని అడిగేది అయ్యాకే మీరు ఆవిడని అడగాలి. రెండోసారి రమ్మంటేనే వెళ్లండి. "చూద్దాంలే బాబూ" అంటే వద్దనే అర్థం. పట్టుబట్టకండి.

ఆ మధ్యమనిషిని చాటుగా ఒక్కటి కనుక్కోవాలి. ఉప్పెనలో మొదటి సంసారం మొత్తం పోయి, తర్వాత మళ్లీ పెళ్లి చేసుకున్నవాళ్లు ఉండొచ్చు. ఇప్పటి పిల్లలకి ఆ సంగతి తెలియకపోవచ్చు, తెలిసినా ఆ ఇంట్లో ఎత్తని మాట అయ్యుండొచ్చు. నలుగురిలో "మీ పిల్లలెంతమంది?" అన్న మామూలు ప్రశ్న అక్కడ కత్తిలా దిగుతుంది. అది మీ నోటినుంచి రాకూడదు. ఆవిడే చెప్తే వినండి.

హైదరాబాదు నుంచో అమెరికా నుంచో మనవలు వీడియో కాల్‌లో అడగాలనుకుంటే ఒక్కటే షరతు: అవతల ఆవిడ పక్కన ఒక మనిషి ఉండాలి. తెర మీద మనిషి వణికితే చెయ్యి అందించేవాళ్లు లేకపోవడం చాలా ప్రమాదం.

కూర్చునే తీరు, ఫోను

ఎదురెదురుగా కూర్చుంటే విచారణలా ఉంటుంది. వరండాలో, ఏటవాలుగా, ఇద్దరి చూపూ వీధి వైపు ఉండేలా కూర్చోండి. ఆవిడకి దారి అడ్డం రాకూడదు, లేచి వెళ్లాలనిపిస్తే వెళ్లగలగాలి. చేతిలో పని ఉంటే ఇంకా మంచిది: ములగాకు దూయడం, పూలు కట్టడం, చిరిగిన వలకి ముడులు వెయ్యడం. చేతులు ఆడుతుంటే మాట తేలిగ్గా వస్తుంది. మాట ఆగిపోయినప్పుడు ఆ మౌనం ఎబ్బెట్టుగా ఉండదు. చేతులు హఠాత్తుగా ఆగిపోతే మీకు అది గుర్తు కూడా.

పక్కన ఎవరుండాలో ఆవిడే చెప్పాలి. కొడుకో కోడలో కూర్చుని "అమ్మా అది కాదు, అప్పుడు ఇలా జరిగింది" అని తనే జవాబు చెప్పడం మామూలే. అప్పుడు వాదించకండి. "మీ మాట కూడా విడిగా వింటాను బాబాయ్" అని ఇంకో రోజు పెట్టుకోండి. నిజంగానే వినండి కూడా.

ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, మడిచిన తువ్వాలు మీద, ఆవిడకి జానెడు రెండు జానల దూరంలో ఉంచండి. ఉత్త బల్ల మీద పెడితే గ్లాసు పెట్టిన చప్పుడు కూడా ఉరుములా వినిపిస్తుంది. ఫ్యాను గాలి నేరుగా తగలకూడదు. ముందు ఒక్క నిమిషం రికార్డు చేసి ఆవిడకే వినిపించండి. తన గొంతు విన్నాక వద్దనుకుంటే అక్కడే ఆపొచ్చు. వీడియో వద్దు. కెమెరా ముందు పెద్దవాళ్లు పండగ చీర కట్టుకుని, చెప్పాల్సింది కాక చెప్పదగ్గది చెప్తారు.

అనుమతి మూడుసార్లు అడగాలి: మొదలుపెట్టేముందు, అయిపోయాక, వారం తర్వాత. మొదటిసారి ఒప్పుకున్న మనిషికి తను ఏం చెప్పబోతోందో తనకే తెలీదు కదా. పేరు పెట్టొచ్చా, ఊరి పేరు పెట్టొచ్చా, వాట్సాప్‌లో పంపొచ్చా, ఎవరు వినకూడదు... విడివిడిగా అడిగి రాసుకోండి. "మా పెద్దాడు వినకూడదు" అంటే ఆ ఫైలు మీ ఫోన్లో కూడా తాళం లేకుండా ఉండకూడదు.

అడిగేవి, అడగనివి

ఉప్పెనకి ముందు నెలతో మొదలుపెట్టండి. ఇల్లెలా ఉండేది, గొడ్లెన్ని, కార్తీకంలో ఏం చేసేవాళ్లు. తర్వాత ఆ రాత్రిని దాటేసి మర్నాటి పొద్దుటికి వచ్చెయ్యండి. ఆ రాత్రిలోకి వెళ్లాలనిపిస్తే ఆవిడే వెళ్తుంది, మీరు తలుపు తియ్యనక్కర్లేదు.

"మీకు అప్పుడు ఎలా అనిపించింది?" అని మాత్రం అడగకండి. దానికి జవాబు ఉండదు. ఉన్నా "ఏముంది, అంతా దేవుడి దయ" దగ్గర ఆగుతుంది. చేసిన పని గురించి అడిగితే మనసులో మాట దానంతట అదే వస్తుంది:

– తెల్లారాక మొదట కనపడ్డ తెలిసిన మొహం ఎవరిది?
– తాగడానికి నీళ్లు ఎక్కడివి? బావుల్లో ఉప్పు ఎన్నాళ్లుంది?
– మొదటి అన్నం ఎవరు పెట్టారు? మీ పొయ్యి మీద మీరు మళ్లీ ఎప్పుడు వండారు?
– ఒంటి మీద బట్ట తప్ప ఏమీ లేనప్పుడు అప్పు ఎవరిచ్చారు, ఏం చూసి ఇచ్చారు?
– మళ్లీ సముద్రం మీదికి మొదటిసారి ఎవరితో వెళ్లారు?
– ఎవరి సాయం పనికిరాలేదు?
– ఇప్పటికీ చెయ్యలేని పని ఏదైనా ఉందా?

చివరి రెండూ చాలామంది వదిలేస్తారు. అసలు సరుకు వాటిలోనే ఉంటుంది. పనికిరాని సాయం గురించి అడిగితే, కష్టంలో ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లి మనం ఏం చెయ్యకూడదో తెలుస్తుంది. ఇప్పటికీ చెయ్యలేని పని గురించి అడిగితే, నిలబడ్డ మనిషి అంటే మానిపోయిన మనిషి కాదని తెలుస్తుంది. నలభై ఏళ్లకి పైగా సంసారం ఈదిన మనిషి నేటికీ వానాకాలం రాత్రి తలుపు గడియ వెయ్యలేకపోవచ్చు. రెండూ ఒకే మనిషిలో ఉంటాయి.

మాట ఎలా సాగుతుందో ఒక నమూనా చూడండి.

"మొదటి అన్నం ఎవరు పెట్టారు మామ్మగారూ?"
"ఎవరో లారీలో తెచ్చారయ్యా. పులిహోర పొట్లాలు. తినబుద్ధి కాలా."
"మరి ఎలా తిన్నారు?"
"మా తోటికోడలు తిట్టింది. పిల్లకి పాలివ్వాలి, తినకపోతే ఎట్లా అని."

ఇక్కడ "పాపం, ఎంత కష్టం!" అంటే మాట అక్కడితో తెగిపోతుంది. "తర్వాత కూడా ఆవిడే చూసుకునేదా?" అనండి. ఆ తోటికోడలు ఎన్నాళ్లు పక్కనుంది, ఏయే పనులు పంచుకున్నారు, ఎందుకు కోప్పడేది... నేర్చుకోవాల్సింది ఆ తోటికోడలి దగ్గర ఉంది. మనుషులు ఒంటరిగా నిలబడింది చాలా అరుదు. హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని మనస్తత్వ శాస్త్రవేత్త ఎమ్మీ వెర్నర్ బృందం దశాబ్దాల పాటు గమనించింది. లేమి, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల మానసిక జబ్బులు లాంటివి చుట్టుముట్టిన పిల్లల్లో దాదాపు మూడోవంతు మంది చక్కగా ఎదిగొచ్చారు. వాళ్లలో తరచూ కనపడ్డది, నమ్మకంగా వెంట నిలిచిన పెద్దమనిషి కనీసం ఒకరు. అమ్మమ్మ కావచ్చు, టీచరు కావచ్చు.

మాట తేడా చేస్తే

ఏడుపు ప్రమాదం కాదు. ఏడవనివ్వండి, "ఏడవకండి మామ్మగారూ" అనకండి, నీళ్ల గ్లాసు దగ్గరగా జరిపి ఊరుకోండి. "అంతా మన మంచికే", "కర్మ", "మీరు చాలా గ్రేట్ అండీ" ఈ మూడూ నోట రానివ్వకండి. మూడోది పొగడ్తలా ఉంటుంది గానీ, ఆ మాట అన్నాక ఆవిడ ఇక బలహీనంగా ఉన్న రోజుల గురించి చెప్పదు.

ప్రమాదం వేరే రకంగా కనపడుతుంది. చూపు ఒకచోట నిలిచిపోవడం, ఊపిరి వేగం, చేతులు వణకడం, "వచ్చింది" అన్న మనిషి "వస్తోంది, వస్తోంది" అనడం. ఆవిడ జ్ఞాపకం చెప్పడం మాని అందులోకే వెళ్లిపోయిందని అర్థం. వెంటనే ప్రశ్నలు ఆపండి. హఠాత్తుగా ముట్టుకోకండి. వరస పెట్టి పిలిచి, నిదానంగా, పొట్టి మాటల్లో చెప్పండి: "మామ్మగారూ, మీ వరండాలో కూర్చున్నాం. ఇప్పుడు పొద్దున పదయింది. వాన లేదు." పాదాలు రెండూ నేలకి ఆనించమనండి. చల్లటి నీళ్లు గుక్క తాగించండి. ఎదురుగా కనపడేవి అయిదు పేర్లు చెప్పమనండి: గేదె, చెట్టు, సైకిలు, ఏదైనా సరే. తేరుకున్నాక కూడా కనీసం అరగంట ఉండండి, కూరగాయల ధరల గురించి మాట్లాడండి. ఇంట్లో ఒకరికి చెప్పకుండా బయటికి రావద్దు. మర్నాడు ఫోను చెయ్యండి. నిద్ర పట్టకపోవడం, అదే గుర్తుకురావడం రోజుల తరబడి సాగితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416కి ఫోను చేయించండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. చనిపోవాలన్న మాట వస్తే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఒంటరిగా వదలకూడదు.

వినేవాళ్లకి కూడా ఇది అంటుకుంటుంది. రోజుకి ఒకరు, వారానికి ఇద్దరు దాటకండి. విన్న రాత్రి ఆ రికార్డింగు మళ్లీ పెట్టుకోకండి.

విన్నదాన్ని ఏం చెయ్యాలి

రెండు మూడు రోజులయ్యాక నోటుబుక్కులో నాలుగు గళ్లు గీసి, విన్నదాన్ని వాటిలో సర్దండి: ఏం చేశారు, పక్కన ఎవరున్నారు, చేతిలో ఏం ఉంది, అలా నిలబడ్డందుకు చెల్లించిన ఖరీదు ఏంటి. నాలుగో గడి ఖాళీగా ఉంటే మీరు సగమే విన్నారు. ఏడాది తిరక్కుండా మళ్లీ పెళ్లి చేసుకోవడం సంసారాన్ని నిలబెట్టి ఉండొచ్చు, కానీ దుఃఖపడే వ్యవధి లేకుండా చేసి ఉండొచ్చు. నోరు విప్పకపోవడం ఆనాడు ఆదుకుని ఉండొచ్చు, తర్వాత పిల్లల్ని దూరం చేసి ఉండొచ్చు. తాగుడు కూడా కొందరిని కొన్నాళ్లు నిలబెట్టింది. నిలబెట్టిన ప్రతిదీ నేర్చుకోవాల్సింది కాదు.

మూడో గడిని, అంటే చేతిలో ఉన్నదాన్ని, తేలిగ్గా చూడకండి. 1990 మేలో పెద్ద తుపాను మళ్లీ కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ఆసారి చనిపోయినవాళ్లు వెయ్యి లోపే. పదమూడేళ్లలో జనానికి గుండెధైర్యం పదింతలు పెరిగిందా? ముందే హెచ్చరిక అందింది, లక్షకు పైగా మందిని తరలించారు, ఎక్కడానికి తుపాను షెల్టర్లు ఉన్నాయి. మనిషి నిబ్బరాన్ని పొగుడుతూ కరకట్ట బాగుచెయ్యడం మర్చిపోయేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది.

ఇక మీ బతుకులోకి తెచ్చుకునేది. విన్నవాటిలోంచి ఒక్కటే తీసుకోండి, మూడు వారాలు చెయ్యండి. అన్నీ ఒకేసారి మొదలుపెట్టినవాళ్లు వారంలో వదిలేస్తారు. ఉద్యోగం పోయిందా, ఇంట్లో మనిషి పోయారా, పెద్ద జబ్బు చేసిందా, అన్నిటికీ మొదటగా పనికొచ్చేది "మొదటి అన్నం" ప్రశ్న. కాగితం మీద మూడు పేర్లు రాయండి, ఒక్కొక్క పేరు పక్కన ఒక్కటే పని: వంట చేసి పెట్టేవాళ్లు, కాగితాల పని మీద తిరిగేవాళ్లు, తిట్టైనా అన్నం తినిపించేవాళ్లు. ఒకే పేరు మూడుచోట్లా వస్తే ఆ మనిషి నెల తిరక్కుండా అలిసిపోతారు, మార్చండి. ఆ ముగ్గురికీ ముందే చెప్పి ఉంచండి. "ఏదైనా అవసరమైతే చెప్పు" అన్నవాళ్లకి ఫోను చెయ్యడం ఎవరికీ చేతకాదు. "మంగళవారం కూర నీదే" అని ముందే మాటయితే మొహమాటం ఉండదు.

రెండోది, కష్టంలో ఉన్నప్పుడు కూడా ఇంకొకరికి చేసే చిన్న పని ఒకటి మిగుల్చుకోవడం. పక్కింటి పిల్లకి లెక్కలు చెప్పడం, గుడి దగ్గర మొక్కలకి నీళ్లు పొయ్యడం, రోజుకి పావుగంట చాలు. సాయం తీసుకోవడమే తప్ప ఇవ్వడం లేని మనిషికి తన మీద తనకి గౌరవం తగ్గిపోతుంది.

మూడోది తీరంలో ఉన్నవాళ్లకి. ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకం నకళ్లు గట్టి ప్లాస్టిక్ సంచిలో కట్టి తలుపు దగ్గర మేకుకి తగిలించండి. మనిషికి రోజుకి కనీసం మూడు లీటర్ల చొప్పున మూడు రోజుల తాగునీరు మూత ఉన్న డబ్బాల్లో పెట్టండి, షెల్టరుకి నడిచే దారి పిల్లలకి పగలు ఒకసారి, చీకట్లో ఒకసారి చూపించండి. ప్రాణం మిగిలినా కాగితాలు పోయాయంటే నష్టపరిహారం కోసం నెలల తరబడి తిరగాలి. శవం దొరకని ఇళ్లలో అది ఇంకా కష్టం. ఆచూకీ లేని మనిషిని చట్టం చనిపోయినట్టు భావించడానికి మామూలుగా ఏడేళ్లు పడుతుంది. కర్మకాండ చెయ్యాలా, ఎదురుచూడాలా తేలని ఆ ఇళ్లలో దుఃఖం తీరు కూడా వేరు. వాళ్లని "ఇంక మర్చిపోండి" అనకూడదు.

తిరిగి ఇవ్వాల్సినవి

కూలి పని మానుకుని మీ కోసం కూర్చుంటే ఆ పూట కూలి ఇవ్వండి, ముందే చెప్పి ఇవ్వండి. కథకి డబ్బు ఇవ్వడం వేరు, పోయిన పూటకి ఇవ్వడం వేరు, ఆ తేడా వాళ్లకీ తెలుసు. పింఛను ఇప్పిస్తాం, ఇల్లు రాయిస్తాం లాంటి మాటలు ఇవ్వకండి. రికార్డింగు ఒక మెమరీ కార్డులో వేసి, రాసిన కాగితం పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి ఇవ్వండి. చదవలేకపోతే మీరే చదివి వినిపించండి. "ఇది తీసెయ్" అన్నచోట అక్కడే కొట్టెయ్యండి, ఎందుకని అడగకండి. రెండు నెలల తర్వాత ఇంకోసారి వెళ్లండి, ఈసారి ఉప్పెన మాట ఎత్తకుండా.

ఒక ప్రశ్న మాత్రం చివరి రోజు అడిగి రాసుకోవాలి: మీ తర్వాత ఇది ఎవరి చేతికి వెళ్లాలి? కొందరు మనవరాలి పేరు చెప్తారు. కొందరు చెరిపెయ్యమంటారు. చెరిపెయ్యమన్నవాళ్లవి, ఎంత విలువైనవనిపించినా, వాళ్లు పోయారన్న కబురు వచ్చిన రోజునే చెరిపెయ్యాలి, కంప్యూటర్లో దాచిన నకలుతో సహా.